పొడవైన ఇంగ్లీషు మాటలో బరువు ఎక్కడ పడుతుంది?

మన బడుల్లో పొడవైన ఇంగ్లీషు మాట ఎదురైతే ఉపాధ్యాయులు చేసే మొదటి పని దాన్ని ముక్కలుగా విరవడం. బోర్డు మీద 'రెస్పాన్సిబిలిటీ' అని రాసి, మధ్యమధ్య అడ్డగీతలు పెట్టి, రెస్, పాన్, సి, బి, లి, టీ అని ఒక్కో ముక్కకూ ఒక్కో చప్పట్టు కొట్టిస్తూ తరగతి మొత్తం చేత పలికిస్తారు. పిల్లలు ఆ మాటను తప్పు లేకుండా రాయగలుగుతారు, తడబడకుండా చదవగలుగుతారు. అయితే ఆరు ముక్కలనూ ఒకే బరువుతో పలికిన ఆ మాటను మన ఇంగ్లీషు అలవాటు లేని మనిషి వింటే, అతనికి అది ఏ మాటో ఒక పట్టాన అంతుపట్టదు. డిగ్రీ విద్యార్థులకు చాలా ఏళ్లుగా ఇంగ్లీషు చెబుతున్న నాకు గట్టిగా ఏర్పడిన అభిప్రాయం ఇది: మాటను విరవడం నేర్పి, విరిచిన ముక్కల్లో ఏది బరువైనదో నేర్పకపోతే చదువు సగంలో ఆగిపోతుంది. మిగతా సగం నేర్పడానికి కావలసిన సరంజామా చాలావరకు మన ఛందస్సులోనే ఉంది.

విరిచి చదివించే పద్ధతిని నేను తీసిపారేయడం లేదు. డిక్టేషన్‌కు అది ఎంతో ఉపయోగపడుతుంది. రాసిన ప్రతి అక్షరాన్నీ నిండుగా పలికే అలవాటు వల్ల మన పిల్లలకు స్పెల్లింగు బాగా గుర్తుంటుంది. 'వెడ్-నెస్-డే' అని మనసులో అనుకుంటూ రాసేవాళ్లెవరూ ఆ మధ్యలోని 'డి'ని మరిచిపోరు. ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, రాయడానికి పనికివచ్చిన ఆ విరుపే పలకడానికీ దారి చూపుతుందని మనం నమ్మినప్పుడు.

అది ఎందుకు దారి చూపదో రెండు మాటల్లో తెలుస్తుంది. 'ఈవెన్' అనే మాటకు ముందు ఒక్క 'ఎస్' చేర్చితే 'సెవెన్' అవుతుంది. మొదటిదాన్ని 'వి'కి ముందు విరవాలి, రెండోదాన్ని 'వి' తర్వాత విరవాలి. 'రోబో' అని మనం వాడుకగా అనే 'రోబాట్'ను 'బి'కి ముందు, 'రాబిన్'ను 'బి' తర్వాత విరవాలి. ఎందుకు అని అడిగితే, ఒకదాంట్లో మొదటి అచ్చు దీర్ఘం, ఇంకోదాంట్లో హ్రస్వం అని జవాబు చెబుతారు. అంటే ఎలా పలకాలో ముందే తెలిసినవాడికే ఎక్కడ విరవాలో తెలుస్తుంది. అలాంటప్పుడు విరుపును చూసి ఉచ్చారణ నేర్చుకోమనడంలో అర్థమేముంది? సూత్రాలు అసలే పనిచేయవని కాదు. 2020లో అమెరికా పరిశోధకుడు డెవిన్ కెర్న్స్ వేల మాటలను తీసుకుని పరీక్షించి, రెండు అచ్చుల మధ్య రెండు హల్లులు ఉంటే ఆ హల్లుల మధ్య విరవమనే సూత్రం చాలావరకు నిలబడుతుందని, ఒకే హల్లు ఉన్న చోట చెప్పే సూత్రం మాత్రం, ముఖ్యంగా పొడవైన మాటల్లో, అంతగా నమ్మదగింది కాదని చూపించాడు. మనకు కష్టం కలిగించేవి సరిగ్గా ఆ పొడవైన మాటలే.

ఈ తగవు ఇంగ్లీషు వాళ్లలోనూ పాతదే. పద్దెనిమిదో శతాబ్దంలో బడుల్లో నడిచిన థామస్ డిల్‌వర్త్ పుస్తకం 'హ్యాబిట్' మాటను హెచ్-ఏ ఒకవైపు, బి-ఐ-టి ఒకవైపు పెట్టి విరిచేది. 1783లో తన స్పెల్లింగు పుస్తకాన్ని అచ్చువేసిన నోవా వెబ్‌స్టర్, అలా విరిస్తే పిల్లవాడు ఆ 'ఏ'ను దీర్ఘంగా పలుకుతాడని ఆక్షేపించి, 'బి'ని ముందు ముక్కలో చేర్చాడు. చెవికి వినిపించే తీరునుబట్టి విరవాలన్నది ఆయన వాదం. అమెరికా ముద్రణలో ఆ పద్ధతి స్థిరపడింది. బ్రిటన్‌లో మాట పుట్టుకనుబట్టి విరిచే అలవాటు చాలాకాలం సాగింది. ఒకే మాటను అమెరికా పుస్తకం ఒక చోట, లండన్ పుస్తకం మరో చోట తుంచితే, రెండింటిలో ఏ విరుపు మన విద్యార్థికి ఉచ్చారణ నేర్పుతుంది?

నిఘంటువుల్లో ముఖ్యపదం మధ్య కనిపించే చుక్కల గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే వాటిని చూసి సిలబుల్స్, అంటే పలికే ముక్కలు, లెక్కపెట్టే ఉపాధ్యాయులను నేను ఎందరినో చూశాను. ఆ చుక్కలు వరుస చివర మాట పట్టకపోతే ఎక్కడ తుంచవచ్చో అచ్చు పనివారికి చెప్పే గుర్తులు. 'ఎబిలిటీ' పలికితే నాలుగు ముక్కలు. మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువు చుక్కలను బట్టి మూడే. వరుస చివర 'ఏ' ఒక్కటే మిగిలిపోతే అచ్చులో బాగుండదు కాబట్టి దాని తర్వాత చుక్క పెట్టలేదు, అంతే. మరోవైపు 'వెజిటబుల్'కు నాలుగు ముక్కల చుక్కలుంటాయి, మామూలు మాటల్లో మాత్రం అది మూడు ముక్కలుగానే పలుకుతుంది. స్టాన్‌ఫర్డ్‌లో ఫ్రాంక్ లియాంగ్ 1983లో కంప్యూటర్ చేత మాటలను తుంచే పద్ధతి మీద పరిశోధన గ్రంథం సమర్పించాడు. టెక్ అనే అక్షరకూర్పు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేది ఆ పద్ధతే. అంత చక్కని పద్ధతికీ 'ప్రెజెంట్' లాంటి మాట దగ్గర చిక్కే, ఎందుకంటే అది నామవాచకమైతే 'ఎస్' తర్వాత తుంచాలి, క్రియ అయితే 'ఎస్'కు ముందు తుంచాలి. అక్షరాలు అవే, వరుస అదే, మారినదల్లా ఊనిక. మాటలో ఒక ముక్కను మిగతా ముక్కల కన్నా నొక్కి పలకడాన్నే భాషాశాస్త్రంలో ఊనిక అంటారు.

తెలుగుకు అలాంటి ఊనిక లేదు. మనకు 'పడు' వేరు, 'పాడు' వేరు. అర్థాన్ని మార్చేది అచ్చు నిడివి. ఏ ముక్కను నొక్కి పలికినా 'పడు' పడుగానే ఉంటుంది. ఇంగ్లీషులో 'రికార్డ్' లాంటి మాట మొదటి ముక్క మీద ఊనితే ఒక మాట, రెండో ముక్క మీద ఊనితే ఇంకో మాట. పుట్టినప్పటి నుంచి నిడివిని పట్టుకోవడానికి అలవాటుపడ్డ మన చెవి ఊనికను సులభంగా పట్టుకోదు. అందుకే మనం 'హోటల్', 'ఈవెంట్', 'ఇంజనీర్' అనే మాటలను మొదటి ముక్క మీద బరువు పెట్టి పలుకుతాం. ఇంగ్లీషులో ఆ మూడింటికీ బరువు చివరి ముక్క మీదే ఉంటుంది. 'డెవలప్‌మెంట్' అని మనం రోజూ అనే మాటలో అసలు బరువు 'వె' మీద ఉంది. ముందున్నది పొట్టి 'డి', చివరిది తేలికైన 'మంట్'. దీనికి తోడు హల్లుల గుంపు తగిలిన చోట మనం ఒక అచ్చును చేర్చి ముక్కల సంఖ్యనే పెంచుతాం: 'ఫిల్మ్' ఒక్క ముక్క, 'ఫిలిం' రెండు.

ఊనిక మారితే మాట ఎంత మారుతుందో 'ఫోటోగ్రాఫ్' కుటుంబం చక్కగా చూపిస్తుంది. 'ఫోటోగ్రాఫ్'లో బరువు మొదటి ముక్క మీద ఉంటుంది, 'ఫో' నిండుగా వినిపిస్తుంది, మధ్యలోది దాదాపు 'ట' మాత్రమే. 'ఫోటోగ్రఫీ' అనేసరికి బరువు రెండో ముక్క మీదికి జరుగుతుంది. 'ఫో' కాస్తా 'ఫ' అయిపోతుంది, 'ట' కాస్తా 'టా' అవుతుంది, 'గ్రా' కాస్తా 'గ్ర' అవుతుంది: ఫ-టా-గ్ర-ఫి. 'ఫోటోగ్రాఫిక్' అంటే బరువు మూడో ముక్క మీద. బరువు పోయిన అచ్చు దాదాపు ప్రతిసారీ ఒకే రూపంలోకి కుదించుకుపోతుంది. దాన్ని ష్వా అంటారు. ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే అచ్చు అదే, దానికి సొంత అక్షరం మాత్రం లేదు. మన హ్రస్వ 'అ'ను మరికాస్త తేలిక చేసి పలికితే దాదాపు అదే వస్తుంది కాబట్టి, మన పిల్లలకు ఆ ధ్వని కష్టమైనదేమీ కాదు. ఎక్కడ వాడాలో చెప్పేవాళ్లే లేరు.

ఎక్కడ వాడాలో తెలియాలంటే మాటను మొదటి నుంచి కాక చివరి నుంచి చూడాలి. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన ఒక అమ్మాయి మా తరగతిలో 'ఇంటర్‌ప్రిటేషన్' దగ్గర ఆగిపోయింది. బోర్డు మీద ఆ మాట రాసి, చివరి 'షన్'కు సున్న చుట్టి, దానికి సరిగ్గా ముందున్న ముక్క ఏదో చెప్పమన్నాను. 'టే' అంది. ఆ ఒక్కదాన్ని గట్టిగా, మిగతావాటిని దాని వైపు పరుగెత్తుతున్నట్టు పలకమంటే రెండోసారికే మాట సరిగ్గా వచ్చింది. తర్వాత ఆమె అడిగిన ప్రశ్న నాకు చాలా నచ్చింది: "మరి 'ఇంటర్‌ప్రిట్'లో 'టర్' గట్టిగా ఉంటుంది కదా సార్, ఆ బరువు ఎటు పోయింది?" పోలేదు, చివర చేరిన ప్రత్యయం దాన్ని తన దగ్గరికి లాక్కుంది. 'షన్' ఎక్కడ చేరినా తన ముందున్న ముక్క మీదికే బరువును తెచ్చుకుంటుంది: కమ్యూనికేషన్, అడ్మినిస్ట్రేషన్, క్వాలిఫికేషన్. 'ఇక్' కూడా అంతే: ఎకనామిక్, సైంటిఫిక్. 'ఇటీ' చేరితే చివరి నుంచి మూడో ముక్క బరువెక్కుతుంది, కాబట్టి యూనివర్సిటీలో 'వర్', ఎలక్ట్రిసిటీలో 'ట్రి', రెస్పాన్సిబిలిటీలో 'బి'. 'మెంట్', 'నెస్', 'లీ', 'ఫుల్' లాంటివి మాత్రం బరువును కదిలించవు. 'గవర్న్'కు ఎక్కడ ఉందో 'గవర్న్‌మెంట్'కూ అక్కడే. 'ఇంజనీర్', 'ఎంప్లాయీ', 'జపనీస్' లాంటి మాటల్లో ప్రత్యయమే బరువును తన మీద వేసుకుంటుంది. 'పాలిటిక్స్', 'అరిథ్‌మెటిక్', 'క్యాథలిక్' లాంటి ఎదురు తిరిగే మాటలు ఉన్నాయి, వాటిని విడిగా గుర్తుపెట్టుకోవాలి. అయినా ఈ కొద్దిపాటి సంగతులు తెలిసిన విద్యార్థి, ఎన్నడూ చూడని మాటను సైతం చాలాసార్లు సరిగ్గానే పలకగలుగుతాడు.

ఇక ఛందస్సు సంగతి. తెలుగు పద్యం చదువుకున్నవారందరికీ గురువు, లఘువు తెలుసు: దీర్ఘం గురువు, సున్న ఉన్నది గురువు, పొల్లు హల్లుతో ముగిసేది గురువు, సంయుక్తాక్షరానికి ముందున్నది గురువు. ఈ చివరి నియమం చాలా లోతైనది. 'సత్యము' అని రాసేటప్పుడు మనం 'స' విడిగా, 'త్య' విడిగా రాస్తాం. కానీ పలికేటప్పుడు ఆ 'త్' వెళ్లి 'స'ను ఆనుకుంటుంది, అందుకే లాక్షణికులు హ్రస్వమైన ఆ 'స'ను గురువుగా లెక్కించారు. రాతలోని విరుపు వేరు, చెవిలోని విరుపు వేరు అని గుర్తించి లెక్కకట్టిన సంప్రదాయం మనది. ఇంగ్లీషు సిలబుల్‌ను అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా మంచి పునాది ఏం కావాలి?

లాటిన్ భాషలో ఊనిక సరిగ్గా ఈ గురులఘువుల మీదే ఆధారపడేది: చివరి నుంచి రెండో ముక్క గురువైతే ఊనిక దాని మీద, లఘువైతే దానికి ముందున్న మూడోదాని మీద. ఇంగ్లీషు పొడవైన మాటల్లో అధికభాగం లాటిన్ నుంచి, గ్రీకు నుంచి, ఫ్రెంచి మీదుగా వచ్చినవే కాబట్టి ఆ నియమం వాటిలో ఇప్పటికీ బతికే ఉంది. భాషాశాస్త్రవేత్తలు చామ్‌స్కీ, హాలే 1968లో వెలువరించిన ఇంగ్లీషు ధ్వనుల గ్రంథంలో ఊనిక సూత్రాలకు ఇదే మూలాధారం. పరీక్షించి చూడండి. 'అజెండా'లో చివరి నుంచి రెండోది 'జెం', సున్న ఉంది కాబట్టి గురువు, ఊనిక అక్కడే. 'వరండా'లోనూ అంతే. 'అరోమా'లో 'రో' దీర్ఘం, ఊనిక దాని మీద. 'అమెరికా'లో 'రి' లఘువు, అందుకని ఊనిక వెనక్కి జరిగి 'మె' మీద పడింది. 'సినిమా'లో 'ని' లఘువు, ఊనిక 'సి' మీద.

ఒకే ప్రత్యయంతో ముగిసే మాటలు వేర్వేరుగా ఎందుకు పలుకుతాయో కూడా దీనితో తేలిపోతుంది. 'మెడికల్'లో 'డి' లఘువు కాబట్టి బరువు 'మె' మీద. 'డిపార్ట్‌మెంటల్'లో 'మెన్' గురువు కాబట్టి బరువు దాని మీదే. 'ఒరిజినల్'లో 'జి' లఘువు, బరువు 'రి' మీద. 'పేరెంట్'లో మొదటి ముక్క మీద ఉన్న బరువు 'పేరెంటల్' అనగానే 'రెన్' మీదికి వెళ్తుంది. మనం మాత్రం రెండింటినీ 'పే' మీదే బరువు పెట్టి పలుకుతాం. 'జెనరస్'లో 'న' లఘువు, 'ట్రెమెండస్'లో 'మెం' గురువు, 'ఎనార్మస్'లో 'నార్' గురువు, బరువు పడే చోట్లు వరుసగా 'జె', 'మెం', 'నార్'. 'క్యాలెండర్', 'క్యారెక్టర్', 'ఇండస్ట్రీ' ఈ లెక్కకు లొంగవు, నిజమే. క్రియలకు, రెండు ముక్కల మాటలకు లెక్క వేరే ఉంది. అయినా యమాతారాజభానసలగం కంఠతా వచ్చిన విద్యార్థికి ఈ నియమం చెప్పడానికి ఒక్క పీరియడ్ చాలు. తెలుగు పండితుడు ఒక గదిలో, ఇంగ్లీషు లెక్చరర్ పక్క గదిలో ఒకే సంగతిని ఒకరికొకరు సంబంధం లేకుండా చెబుతున్నారని, కొన్నిచోట్ల ఆ రెండోవారు అసలు చెప్పడమే లేదని తలచుకుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

అర్థాన్ని బట్టి విరవడం ఇంకో పద్ధతి. అదీ ముఖ్యమైనదే, అయితే దాని పని వేరు. 'థర్మామీటర్' అర్థం తెలియాలంటే థర్మో, మీటర్ అని రెండుగా విరవాలి. పలకాలంటే థ-మా-మి-టర్ అని విరిచి 'మా' మీద ఊనాలి. 'హెలికాప్టర్' గ్రీకు మూలాల ప్రకారం 'హెలికో', 'ప్టర్' అని విడుతుంది, రెక్క అనే అర్థమిచ్చే మాట ఆ 'ప్టర్'లో ఉంది. కానీ చెవికి ఆ విరుపు తట్టనే తట్టదు. సంధి తెలిసిన మనకు ఇందులో వింత లేదు. 'రామాలయం'లో రామ ఎక్కడ ముగిసింది, ఆలయం ఎక్కడ మొదలైంది? రెండూ ఆ ఒక్క 'మా'లోనే కలిసిపోయాయి. అమెరికాలో స్పెల్లింగ్ బీ పోటీలకు తయారయ్యే తెలుగు పిల్లలు, 1989లో ఏర్పడిన నార్త్ సౌత్ ఫౌండేషన్ అనే సంస్థ నడిపే పోటీల దగ్గర నుంచి, మాట ఏ భాష నుంచి వచ్చిందో, దాని ధాతువేమిటో తెలుసుకుని స్పెల్లింగు కట్టడం సాధన చేస్తారు. మన ఊళ్లలోని పిల్లలకు కూడా 'గ్రఫీ', 'లజీ', 'మెట్రీ', 'క్రసీ' లాంటి గ్రీకు ముక్కలు ఓ పది నేర్పితే మేలు. వాటికీ ఊనిక చివరి నుంచి మూడో ముక్క మీదే పడుతుందని పనిలో పనిగా చెప్పవచ్చు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. భారతీయుల ఇంగ్లీషు ఇప్పుడు ఒక సొంత రూపం; లండన్ వాళ్లలా పలకాల్సిన అవసరం మనకేమిటని చాలామంది మిత్రులు వాదిస్తారు. ఈ వాదన పట్ల నాకు గౌరవం ఉంది, సగానికి పైగా ఒప్పుకుంటాను కూడా. మన 'ట' నాలుక మడిచి పలికే మూర్ధన్యమైతే కావచ్చు, 'వి'కీ 'డబ్ల్యూ'కీ తేడా చూపకపోవచ్చు, వాటి వల్ల పెద్ద నష్టం లేదు. ఊనికను మాత్రం నేను యాసలో భాగంగా చూడలేను, ఎందుకంటే ఇంగ్లీషు వినే మనిషి బరువైన ముక్కను ఆసరా చేసుకునే ఏ మాటో పోల్చుకుంటాడు. ఇది కొత్తగా నేను చెబుతున్నది కాదు. 1958లో హైదరాబాదులో నెలకొల్పిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్, నేటి ఇఫ్లూ (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ), 1969లో ఆర్. కె. బన్సల్ అధ్యయనాన్ని ప్రచురించింది. భారతీయుల ఇంగ్లీషు ఇతరులకు అర్థం కాకపోవడానికి ముఖ్య కారణాల్లో ఊనిక తప్పు చోట పడటం ఒకటని అందులో ఆయన చూపించాడు. మన నగరంలోనే తేలిన ఆ సంగతి ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా మన జిల్లాల తరగతి గదులకు చేరకపోవడం క్షమించరానిది. దాని ఫలితాన్ని అనుభవించేది కార్పొరేట్ బడుల పిల్లలు కాదు, ఇంటర్వ్యూలో ఫోన్ అవతలి మనిషి "మళ్లీ చెప్పండి" అంటుంటే తన ఇంగ్లీషే పనికిరానిదేమోనని కుంగిపోయే పల్లెటూరి డిగ్రీ విద్యార్థి. అతనికి పదసంపద ఉంది, వ్యాకరణం ఉంది, రాయమంటే తప్పు లేకుండా రాస్తాడు.

ఊనిక నేర్పితే స్పెల్లింగు చెడుతుందన్న భయం కొందరు ఉపాధ్యాయుల్లో ఉంది. నా అనుభవంలో అది స్పెల్లింగును బలపరుస్తుంది. 'ఆథర్' చివర 'ఓ' రాయాలా 'ఈ' రాయాలా అన్న సందేహం, బరువు ఆ ముక్క మీదికి వచ్చే 'అథారిటీ' పలకగానే తీరిపోతుంది. 'ఎడిటర్'కు 'ఎడిటోరియల్', 'మేజర్'కు 'మెజారిటీ', 'గ్రామర్'కు 'గ్రమాటికల్' అదే సాయం చేస్తాయి. ఒక మాటలో ముడుచుకుపోయిన అచ్చు దాని చుట్టపు మాటలో విప్పారుతుంది.

కాబట్టి పాఠం చివర కొత్త మాటలకు అర్థాలిచ్చే ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఊనిక గుర్తు అచ్చువేయాలని నేను కోరుతున్నాను. నిఘంటువుల్లో బరువైన ముక్కకు ముందు పైన నిలబెట్టే చిన్న నిలువుగీత అది. అచ్చుకు అదనపు ఖర్చు లేదు. తెలుగు లిపిలో ఉచ్చారణ ఇచ్చే ఇంగ్లీషు-తెలుగు నిఘంటువుల్లో నేను చూసినవి చాలావరకు ఈ గీతను వదిలేసి 'ఫొటోగ్రఫీ' అని సమతలంగా రాస్తాయి. అక్కడా ఆ గీత రావాలి, బరువు లేని అచ్చులను 'అ'తోనే రాయాలి. పరీక్షలో ఊనిక గుర్తించమని ఇచ్చే ఒకటి రెండు మార్కుల ప్రశ్నకు గైడులో చూసి బట్టీపట్టే పద్ధతి పోయి, మాటను నోటితో పలికించి మార్కు వేసే పద్ధతి రావాలి. ఆ మార్కు వేసేటప్పుడు పట్టుదల అక్కర్లేదు. 'లాబరేటరీ'ని బ్రిటన్ వాళ్లు రెండో ముక్క మీద, అమెరికా వాళ్లు మొదటి ముక్క మీద ఊనుతారు. 'కాంట్రవర్సీ' గురించి బ్రిటన్ వాళ్లలో వాళ్లకే ఒక మాట లేదు, కొందరు 'కాన్' మీద, కొందరు 'ట్రా' మీద. నా విద్యార్థి ఈ రెండింటిలో దేని మీద ఊనినా పూర్తి మార్కు వేస్తాను. ఎక్కడా ఊనకుండా చదివితే మాత్రం బోర్డు దగ్గరికి పిలిచి, చివరి నుంచి ముక్కలు లెక్కపెట్టించి, మళ్లీ పలికిస్తాను.